హోసూరు పిల్లలకు తికమక లేదు

పిల్లల భాషల మీద ఈమధ్య ఒక వ్యాసం చదివాను. చిన్నప్పుడే మూడు భాషలు నేర్పితే పిల్లలు తికమకపడతారని, ఏదీ సరిగా రాదని వ్యాసకర్త అంటున్నారు. ఒప్పుకోలేను. మాది తమిళనాడులో, కర్ణాటక సరిహద్దునున్న హోసూరు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, సరిహద్దు అవతల కర్ణాటకలోని అత్తిబెలెకు వెళ్తే కన్నడం. ఎవరితో ఏది మాట్లాడాలో పిల్లలకు ఎవరూ చెప్పరు, వాళ్లే పట్టేస్తారు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపితే అదేదో లోపమన్నట్టు రాశారు. ఎదుటివాళ్లకు రెండూ వచ్చని తెలిసే కదండీ కలిపేది!

మా చిక్కు మాట్లాడటంలో కాదు, చదవడంలో ఉంది. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి మొదలు ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడంపై మాకు పేచీ లేదు, అది మా బతుకుతెరువు. బడిలో తెలుగుకు చోటు తగ్గడమే బాధ. మా అక్క కొడుకు తెలుగులో గంటలకొద్దీ వాదిస్తాడు, పెళ్లిపత్రిక మాత్రం చదవలేడు.

పెద్దయ్యాక లిపి నేర్చుకోవడం అసాధ్యమేమీ కాదు. తెలుగు చదవగలిగిన మాకు కన్నడ బోర్డులు త్వరగానే అలవాటయ్యాయి, అక్షరాలు అంత దగ్గర. తమిళమే సతాయించింది: క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం, వేరే భాషల నుంచి వచ్చిన మాటలైతే ముందే తెలిస్తే తప్ప ఎలా పలకాలో తేలదు. చిన్నప్పుడు వీధిలో విన్న తమిళమే అక్కడ నన్ను గట్టెక్కించింది. వ్యాసకర్త పిల్లలకు దూరం పెట్టమంటున్నది సరిగ్గా ఆ వినికిడినే.