అంకెలు చూసి మార్కులు వేస్తే ఎలాగండీ?

జనాభా అదుపులో గ్రామస్థాయి సిబ్బంది పనితీరు అంతంతమాత్రమేనని, ఎంతమందిని ఆపరేషన్‌కు ఒప్పించారో చూసి మార్కులు వేయాలని ఒక వ్యాసంలో రాశారు. ఈ ఉపాయం మనకు కొత్త కాదు. 1976లో, ఎమర్జెన్సీలో, ఇన్ని ఆపరేషన్లు చేయించాలని టార్గెట్లు పెడితే జనాన్ని ఎలా బలవంతపెట్టారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. చివరికి 1996లో కేంద్రమే ఆ టార్గెట్లను దేశమంతటా ఎత్తేసింది.

అసలు పని రిజిస్టర్‌లో కనబడదు. ఏఎన్ఎం, అంటే ఊళ్లో ఇంటింటికీ తిరిగే నర్సమ్మ, గడప దగ్గర నిలబడి "పిల్లలు పుట్టకుండా ఏం వాడుతున్నావమ్మా?" అని అడుగుతుంది. లోపల అత్తగారు వింటుంటే ఆ అమ్మాయి ఏం చెబుతుంది? "ఏమీ లేదండీ" అంటుంది. ఆమె ఒంటరిగా దొరికే రోజు చూసుకుని మళ్లీ వెళ్లాలి. కాపర్ టీ వేయించుకున్నాక రక్తస్రావం ఎక్కువైందని కంగారు పడితే ఇంకోసారి వెళ్లాలి, అవసరమైతే ఆసుపత్రికి వెంటబెట్టుకు పోవాలి. ఇన్ని తిరుగుళ్లకు ఏ గడిలో టిక్కు పెడతారు? బంగ్లాదేశ్‌లోని మాత్లాబ్‌లో 1977 నుంచి ఇలా ఇంటింటికీ పదేపదే వెళ్లిన మహిళా కార్యకర్తల వల్లే గర్భనిరోధక సాధనాల వాడకం పెరిగింది.

ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన జంటల్లో ఆడవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడ్డవి 37.9 శాతం, మగవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడ్డవి 0.3 శాతం. సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, అప్పటికే 2.0కి దిగింది. మార్కులే వేయాలనుకుంటే, ఊళ్లో మగవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడటానికి ఆ ఏఎన్ఎంకు తోడుగా ఎవరిని పంపారో పై అధికారులను ముందు అడగండి.