వంటగది కిటికీ ఎటువైపు ఉంది?

ఆగస్టు వస్తోందంటే మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల నిండా ఒకటే మాట: "మా అబ్బాయి మాస్టర్స్‌కి వస్తున్నాడండీ, క్యాంపస్ దగ్గర రూమ్ ఏమైనా ఉందా?" అద్దె ఎంత, బస్సు ఉందా, ఇండియన్ స్టోర్ ఎంత దూరం అని అడుగుతాం. నలుగురూ బయట కూర్చునే చోటుందా అని అడిగినవాళ్లు ఇంతవరకూ నాకు తగల్లేదు.

కిందటేడు మా అక్క కూతుర్ని దింపడానికి వెళ్లాను. కొత్త బిల్డింగు. నడుమ పచ్చిక, బెంచీలు, గ్రిల్లు, అన్నీ ఉన్నాయి. మనుషులే లేరు. కాసేపు నిలబడి చూస్తే సంగతి అర్థమైంది. పార్కింగ్‌లో లిఫ్ట్ ఎక్కితే నేరుగా కారిడార్‌లోకి, అక్కణ్ణుంచి గదిలోకి. ఆ పచ్చిక మీదికి రావాలంటే పనిగట్టుకుని రావాలి. మూడు నెలల తర్వాత ఫోన్లో అంది: "పక్క గదిలో ఎవరున్నారో ఇప్పటికీ తెలీదు పిన్నీ."

కోనసీమలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి, అంటే నడుమ పైకప్పు లేని ముంగిలి ఉన్న ఇల్లు. ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్లాలన్నా నడుమ మండువా పక్కనుంచే వెళ్లాలి. వానొస్తే నాలుగు వైపుల పెంకుల మీది నీళ్లూ అక్కడికే జారేవి, గంగాళాలు పెట్టి పట్టేవాళ్లు. ఎవరు అలిగి అన్నం తినలేదో వంటింటి గడపలోంచే అమ్మమ్మకు తెలిసిపోయేది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో 2006లో పూర్తయిన టీట్‌గెన్ విద్యార్థి వసతి భవనం నడిచేది ఈ సూత్రం మీదే. గుండ్రటి ఏడంతస్తుల భవనం, 360 గదులు. పడకగదులు బయటివైపుకి, వంటగదులూ హాళ్లూ లోపలి ముంగిలి వైపుకి. పన్నెండు మందికి ఒక వంటగది. చదువుకునేవాళ్ల ఏకాంతం చెడదు, కాఫీ కలుపుకుంటూ తలెత్తితే ఎదుటి వంటగదిలో మనిషి కనబడతాడు. చలి దేశంలో ముంగిలి దేనికంటారా? డెన్మార్క్‌ కూడా చలి దేశమే. అద్దంలోంచి కనిపించినా చాలు, ముంగిలి తన పని తాను చేస్తుంది.

దీనికి పూర్తి వ్యతిరేకం అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా క్యాంపస్‌లో తలపెట్టిన విద్యార్థి వసతి భవనం మంగర్ హాల్. 4,500 మందికి ఒకే భవనం, పడకగదుల్లో నూటికి తొంభైకి పైగా కిటికీయే లేకుండా! అలాగైతే పిల్లలు గదుల్లోంచి బయటికొచ్చి కలుస్తారని దాత చార్లీ మంగర్ నమ్మకం. 2021లో యూనివర్సిటీ డిజైన్ కమిటీలోని ఆర్కిటెక్ట్ డెనిస్ మెక్‌ఫాడెన్ ఈ ప్లాన్‌ను నిరసిస్తూ రాజీనామా చేశారు. 2023లో ఆ ప్లాన్ వదిలేశారు. గాలీ వెలుతురూ తీసేసి పిల్లల్ని బయటికి తరిమితే స్నేహాలు పుడతాయనుకోవడం నా దృష్టిలో తప్పు మాత్రమే కాదు, క్రూరం.

మన సభ్యుల్లో ఆర్కిటెక్టులున్నారు, చదివిన యూనివర్సిటీలకు విరాళాలిచ్చేవాళ్లున్నారు, సొంతూళ్లో హాస్టల్ బ్లాకులు కట్టిస్తున్నవాళ్లున్నారు. చెక్కు రాసే ముందు ప్లాను తెప్పించుకోండి. మెట్లు ఎక్కడ దిగుతాయో చూడండి. వంటగది కిటికీ ఎటు తెరుచుకుంటుందో అడగండి.

మా అక్క కూతురు ఈ జనవరిలో ఒక పాత రెండంతస్తుల ఇంటికి మారింది. జిమ్ లేదు, లిఫ్ట్ లేదు. మెట్లు దిగితే పెరడే. మొన్న ఫోన్ చేస్తే, "పిన్నీ, మళ్లీ చేస్తా, కింద అందరూ పిలుస్తున్నారు" అని పెట్టేసింది.