మహారాజశ్రీ క్వాటర్నియన్ గారికి

రోబో చేతికి కోడ్ రాసుకుని బతికే ఇంజినీరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. కెమెరా కేబుల్ మాత్రం రోబో మణికట్టుకి చుట్టుకుని తెగింది.

వస్తువు ఎటు, ఎంత తిరిగి ఉందో నాలుగంకెల్లో చెప్పే తమరి ఇంట్లో ఉండేది నలుగురే: ఎక్స్, వై, జెడ్, డబ్ల్యూ. ఎవరు ఏ వరసలో కూర్చుంటారన్నది మాత్రం ఊరూరికీ మారుతుంది. రోబో ప్రోగ్రాములు మాట్లాడుకునే రాస్ (ROS) మెసేజీలో డబ్ల్యూ గారు చివర్న. సిమ్యులేటర్ పైబుల్లెట్‌లోనూ అంతే. ఇంకో సిమ్యులేటర్ ముజోకోలో ముందు. లెక్కల లైబ్రరీ ఐగెన్‌లోనైతే తమరిని తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌కి విడివిడిగా ఇచ్చేటప్పుడు ముందు, లోపల మెమరీలో చివర. ఒకే కొంపలో రెండు పెత్తనాలు. 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో తమరిని కనిపెట్టిన గణితవేత్త హామిల్టన్ గారు వంతెన రాయి మీద తమరి సూత్రం చెక్కారు కదా, కింద 'డబ్ల్యూ ఇక్కడ' అని ఓ గీత గీస్తే ఉలి అరిగిపోయేదా?

పోనీ వరస తప్పితే ఎర్రరైనా రావాలి. రాదు. నాలుగింటి వర్గాలూ కూడితే 1 అయిందా అన్నదొక్కటే చెక్, ఏ వరసలో కూడినా అది 1 అవుతుంది. తప్పు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని దర్జాగా లోపలికొస్తుంది.

బల్ల మీద డబ్బా తీయాలి. వస్తువుని పట్టుకునే గ్రిప్పర్ నిట్టనిలువుగా కిందికి చూడాలి, అంటే ఎక్స్ చుట్టూ 180 డిగ్రీలు. ముజోకోలో అది 0, 1, 0, 0 (డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్). వరస మార్చకుండా రాస్‌కి అందిస్తే వై చుట్టూ 180 అవుతుంది. అప్పుడూ గ్రిప్పర్ కిందికే చూస్తుంది! మణికట్టు మాత్రం అర చుట్టు తిరిగి ఉంటుంది. రెండు వేళ్ల గ్రిప్పర్‌కి ఎటు తిరిగినా ఒకటే, డబ్బా చక్కగా లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. కేబుల్ మాత్రం లోలోపల మెలిపడుతూ ఉంటుంది.

అదే డబ్బాని 30 డిగ్రీలు పక్కకి తిప్పి పెట్టి చూడండి. గ్రిప్పర్ తిరగాల్సింది పోయి 30 డిగ్రీలు వాలి డబ్బాని గుద్దుతుంది. ఇక అనుమానాలు: గళ్ల అట్ట పట్టుకుని ఇరవై భంగిమల్లో కెమెరా కాలిబ్రేషన్ మళ్లీ, లెన్స్ మీద నింద, చివరికి రోబోని నడిపే మోడల్‌కి, అంటే పాలసీకి, కొత్త శిక్షణ. పాపం, ఒక్కరిదీ తప్పు కాదు. నీది! అడ్డంగా నీది! సాయంత్రం దాకా ఎమర్జెన్సీ స్టాప్ మీద చెయ్యేసి నిలబెట్టావు కదయ్యా!

విరుగుడు ఐదు నిమిషాల పని. జెడ్ చుట్టూ 30 డిగ్రీలు తిప్పి అంకెలు ప్రింట్ చేస్తే, 0.966 ఎక్కడుంటే అదే డబ్ల్యూ, 0.259 జెడ్. 90తో చూస్తే రెండూ 0.707, ఎవరెవరో తేలదు. వేరియబుల్ పేరు చివరే వరస రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇది గుర్తొచ్చేది మాత్రం ఎప్పుడూ ఐదు గంటలు తగలబడ్డాకే.

అన్నింటికీ మైనస్ తగిలించినా భ్రమణం మారదన్న నీ రెండో వేషం, దాన్ని శిక్షణలో తప్పుని కొలిచే లాస్ ఫంక్షన్‌లో మర్చిపోతే మోడల్ పడే అవస్థ: దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

నిన్నొదిలి భ్రమణాన్ని మూడు కోణాల్లో చెప్పే ఆయిలర్ కోణాల దగ్గరికి పోదామంటే అక్కడ వరసలు 12, తిరిగే అక్షాలా స్థిర అక్షాలా అన్నది కలిపితే 24, పైగా రెండు అక్షాలు ఒకటైపోయి ఇరుక్కునే గింబల్ లాక్. నీవి రెండే. అందుకే ఇంకా నీ గుమ్మంలోనే పడున్నాం.

ఇట్లు,
కొత్త కేబుల్ కోసం ఎదురుచూస్తూ,
వేరియబుల్ పేరులో వరస రాయని పాపి