ఒక అక్షరం తగ్గిన సంతకం

1947 ఆగస్టులో బ్రిటన్ రాజు ఆరో జార్జి తల్లికి ఒక ఉత్తరం రాశారు. సంతకం పక్కన ఎప్పుడూ ఉండే ‘ఆర్.ఐ.’లో ‘ఐ’ కనపడలేదు. ‘ఆర్’ అంటే లాటిన్‌లో రాజు, ‘ఐ’ అంటే చక్రవర్తి. ఆ రెండో హోదా మన దేశాన్ని ఏలినందుకు వచ్చింది. బెర్టీ ‘ఐ’ లేకుండా రాసిన మొదటి ఉత్తరం ఇదేనని, చాలా బాధగా ఉందని ఆ తల్లి, మేరీ రాణి, ఆ కవరు వెనకే రాసిపెట్టుకున్నారు. బెర్టీ ఆయన ఇంటి పేరు కాదు లెండి, ముద్దుపేరు.

ఆరో జార్జి అనగానే చాలామందికి గుర్తొచ్చేది నత్తి. 1925లో వెంబ్లీలో తడబడిన ప్రసంగం, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లయొనెల్ లోగ్ ఇచ్చిన శిక్షణ, 1936 డిసెంబర్‌లో అన్న ఎనిమిదో ఎడ్వర్డ్ ప్రేమ కోసం గద్దె వదిలేస్తే నెత్తిన పడిన కిరీటం. బాంబులు పడుతున్నా లండన్ వదలని రాజు అనే పేరు కూడా ఉంది, అది నిజమే. 1940 సెప్టెంబర్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద బాంబులు పడినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. కానీ 1938లో హిట్లర్‌తో మ్యూనిక్ ఒప్పందం చేసుకొచ్చిన బ్రిటన్ ప్రధాని ఛాంబర్లిన్‌ను, పార్లమెంటు ఇంకా చర్చించకముందే, అదే ప్యాలెస్ బాల్కనీలో పక్కన నిలబెట్టుకున్నదీ ఈయనే. రాజకీయాల్లో వేలు పెట్టకూడని రాజు చేయాల్సిన పని కాదది.

మనకు సంబంధించిన అసలు కథ మాత్రం 1947 తర్వాతే మొదలవుతుంది. ఆగస్టు 15తో తెల్లవాడి రాజు వెళ్లిపోయాడనే మనం అనుకుంటాం. చట్టం లెక్కలో వెళ్లలేదు. భారత్ అప్పటికి డొమీనియన్ మాత్రమే, అంటే పాలన మనదే అయినా రాజు మాత్రం బ్రిటన్ రాజే. 1950 జనవరి 26 దాకా ఆరో జార్జే మన రాజు, చివర్లో రాజాజీ ఆయన పేరు మీదే గవర్నర్ జనరల్. ‘భారత చక్రవర్తి’ బిరుదు కూడా అధికారికంగా పోయింది 1948 జూన్ 22న. చక్రవర్తి హోదాలో ఆయన ఒక్కసారీ ఈ నేల మీద కాలు పెట్టలేదు. తండ్రి 1911లో జరిపినట్టు ఢిల్లీ దర్బారు జరపాలన్న ఆలోచన వాయిదా పడి, చివరికి అటకెక్కింది.

ఇక చిక్కులు చూడండి. పాకిస్తాన్‌కూ రాజు ఆయనే. అంటే 1947 అక్టోబర్‌లో కశ్మీర్ కోసం కొట్టుకున్న రెండు దేశాలదీ ఒకే కిరీటం. ఇద్దరి సైన్యాధిపతులూ బ్రిటిష్ అధికారులే.

హైదరాబాద్ ముచ్చట ఇంకా విచిత్రం. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ ప్రభుత్వపు ‘నమ్మకమైన మిత్రుడు’ అనే బిరుదు ఉండేది. 1947 నవంబర్‌లో రాజుగారి పెద్దమ్మాయి ఎలిజబెత్ పెళ్లికి, లండన్‌లోని కార్టియే దుకాణంలో నచ్చిన నగలు తీసుకోమని కబురు పెట్టారు. ఆమె వజ్రాల నెక్లెస్, తలకు పెట్టుకునే టియారా ఎంచుకున్నారు. పది నెలలు తిరక్కుండానే, 1948 సెప్టెంబర్ 13న, అదే రాజు పేరు మీద నడుస్తున్న డొమీనియన్ సైన్యం నిజాం రాజ్యంలోకి దిగింది. నాలుగు రోజుల్లో పని ముగిసింది. ఆ బిరుదు నిజాంకు దేనికీ అక్కరకు రాలేదు.

నా లెక్కలో ఆరో జార్జి నిజమైన నేర్పు ఇక్కడే ఉంది. ముందుకొచ్చిన కాగితాల మీద పేచీ లేకుండా సంతకం పెట్టారు. చేజారుతున్నదాన్ని పట్టుకుని వేలాడలేదు. 1949 ఏప్రిల్‌లో లండన్ ప్రకటనతో, రాజు వద్దన్న భారత్ కూడా, బ్రిటన్, దాని పాత వలస దేశాల కూటమి అయిన కామన్వెల్త్‌లో ఉండొచ్చని తేలింది. ఆయనకు మిగిలింది ‘కామన్వెల్త్ అధినేత’ అనే మాట. దాన్ని గొప్ప త్యాగమని మాత్రం అనలేను. ఆపే శక్తి ఆయనకూ లేదు, అప్పుల్లో మునిగిన ఆయన దేశానికీ లేదు. 1951 సెప్టెంబర్‌లో ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. 1952 ఫిబ్రవరి 6న, 56 ఏళ్లకే, నిద్రలోనే పోయారు.

రాజు మన జేబుల్లోంచి అంత త్వరగా పోలేదు. గణతంత్రం వచ్చాక కూడా, 1950 ఆగస్టు 15న అశోక సింహాల నాణేలు విడుదలయ్యే వరకు, ఆయన తల ఉన్న అణాలూ రూపాయలే చేతులు మారాయి. ఆ అణా బిళ్ల మీద దాని విలువ నాలుగు భారతీయ లిపుల్లో ఉండేది, వాటిలో తెలుగు ఒకటి. కొత్త నాణేల మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే మిగిలాయి. రాజుగారి తలతో పాటే మన అక్షరాలూ దిగిపోయాయి.