పళ్లు తిన్న చేతులతోనే రాళ్లు

2018 జూలై 12న, పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను పుట్టించిన గీడో వాన్ రోసమ్ తోటి డెవలపర్లకు ఒక ఉత్తరం రాసి పక్కకు తప్పుకున్నారు. పైతాన్ విషయంలో ఆఖరి మాట ఇక తనది కాదని, ఇది శాశ్వత సెలవని, వారసుణ్ని కూడా తాను పెట్టబోనని చెప్పారు. ప్రజాస్వామ్యం పెట్టుకుంటారో, ఇంకో నియంతను తెచ్చుకుంటారో, అరాచకంగా వదిలేస్తారో మీరే తేల్చుకోండి అన్నారు. అలసిపోయానని, వయసేమీ తగ్గడం లేదని, ఒంట్లో ఉన్న బాధల చిట్టా విప్పి చదవబోనని కూడా రాశారు. రిటైరయ్యే మనిషి ఎవరైనా ఇలాగే రాస్తారు కదా అనుకుందామంటే ఆ ఉత్తరంలోని మొదటి వాక్యం అనుకోనివ్వడం లేదు. ఒక్క ప్రతిపాదన కోసం ఇంతలా పోట్లాడి, తీరా చూస్తే ఇంతమంది తన నిర్ణయాలను ఏవగించుకుంటున్నారని తెలుసుకోవాల్సిన పరిస్థితి ఇంకెప్పుడూ తనకు వద్దన్నది దాని సారం. అరవై రెండేళ్ల మనిషి, ఇరవై ఎనిమిదేళ్లుగా మోసిన బరువును దించుకుంటూ రాసిన మాట ఇది. దీన్ని రిటైర్మెంట్ అనడం మాకు చేతకాదు. తరిమేశారు, అంతే.

ఎందుకు తరిమేశారు? ఒక గుర్తు కోసం. కోలన్, దాని పక్కనే ఈక్వల్ టు. ఒక విలువకు పేరు పెట్టడం, అక్కడికక్కడే దాన్ని వాడుకోవడం, ఈ రెండు పనులూ ఒకే చోట చేయనిచ్చే గుర్తు. ఫైలులోంచి ముక్క ముక్కగా చదువుతూ, చదవడానికి ఇంకేమీ మిగలనంతవరకు తిరిగే లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) రాసిన వాళ్లందరికీ ఈ ఇబ్బంది తెలుసు: చదివే లైన్ లూప్‌కు పైన ఒకసారి, లోపల చివర్లో మళ్లీ ఒకసారి రాయాలి, ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతే రాత్రంతా తప్పు వెతుక్కోవాలి. ఈ గుర్తుతో ఒక్కసారి రాస్తే సరిపోతుంది. పెప్ 572 (పైతాన్‌లో మార్పుల కోసం పెట్టే ప్రతిపాదనలను పెప్ అంటారు) పేరుతో ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో మొదలైన ఈ ప్రతిపాదన మీద వందలకొద్దీ ఉత్తరాలు నడిచాయి. పైతాన్ అందం పోతుందన్నారు, సరళత చచ్చిపోతుందన్నారు, పైతాన్ సూత్రాలను చూపించి పైతాన్ పుట్టించిన మనిషికే పాఠం చెప్పారు. ఆ సూత్రాలను రాసింది టిమ్ పీటర్స్. ఈ ప్రతిపాదన రాసిన ముగ్గురిలో ఆయన కూడా ఒకరు! ఆ సంగతైనా వాళ్ల నోళ్లను ఆపలేకపోయింది.

విమర్శించే హక్కు ఎవరికైనా ఉంటుంది, వ్యతిరేకించిన వాళ్లలో ఏళ్ల తరబడి జీతం లేకుండా పైతాన్‌కు పనిచేసినవాళ్లూ ఉన్నారు, ఇన్ని కోట్ల కోడ్ లైన్లు ఆధారపడిన భాష ఒక్క మనిషి తీర్పు మీద నడవడం మంచిది కాదన్న వాదనలోనూ పస ఉంది. ఒప్పుకుంటాం. కానీ ప్రతిపాదనను కాదనడం వేరు, మనిషి మీద పడటం వేరు. నెలల తరబడి ఒకే మాటకు ఒకే సమాధానం చెప్పించి, నిర్ణయం వచ్చాక కూడా వదలకపోవడం చర్చ అనిపించుకోదు. మా బాధ ఈ గుర్తు గురించి కాదు, అది ఉన్నా లేకపోయినా పైతాన్ బతుకుతుంది. ఉచితంగా ఇచ్చినవాణ్ని ఇలా సాగనంపితే రేపు ఇంకెవరిస్తారు అన్నదే మా బాధ.

ఆయన ఏమిచ్చారో గుర్తులేనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1989 డిసెంబర్, ఆమ్‌స్టర్‌డామ్. సీడబ్ల్యూఐ అనే గణిత, కంప్యూటర్ పరిశోధన సంస్థలో ఆయన ఉద్యోగి. క్రిస్మస్ వారం ఆఫీసు మూసేస్తారు, ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది, చేతిలో పని లేదు. అంతకుముందు కొన్నేళ్లు ఆ సంస్థలోనే ఏబీసీ అనే భాష మీద పనిచేశారు. ప్రోగ్రామర్లు కానివాళ్లు కూడా నేర్చుకోగలగాలని దాన్ని తయారుచేశారు, అది జనంలోకి వెళ్లలేదు. చాలామంది అయితే అక్కడితో వదిలేసి వేరే పని చూసుకుంటారు. ఈయన అందులో బాగున్నదేదో, జనం ఎందుకు తీసుకోలేదో ఆలోచించి, సెలవుల్లో కాలక్షేపానికని కొత్త భాష మొదలుపెట్టారు. బ్రాకెట్లు పెట్టి కోడ్‌ను కట్టలు కట్టడం కాకుండా, లైన్ ఎంత లోపలికి జరిగి ఉందో దాన్నిబట్టే ఏది దేని కిందకు వస్తుందో తెలిసే పద్ధతి ఏబీసీ నుంచి వచ్చిందే. మొదటిసారి చూసినవాడికి చిరాకు పుట్టించే పద్ధతి అది. నెల రోజులు రాశాక మాత్రం ఇంకొకరి కోడ్ తెరిస్తే మన కోడ్ లాగే కనిపిస్తుంది, ఆ సుఖం అనుభవించినవాళ్లకే తెలుసు.

1991 ఫిబ్రవరిలో దాన్ని నెట్‌లో పెట్టేశారు. డబ్బు అడగలేదు. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకునే సరుకులో కలుపుకోండి అన్నారు. 1995లో అమెరికా వెళ్లారు. 1999లో ప్రోగ్రామింగ్ అందరికీ రావాలి, చదవడం రాయడం లాగే రావాలి అని అక్కడి రక్షణ పరిశోధన సంస్థ దర్పాకు ప్రతిపాదన పెట్టారు. 2005 నుంచి ఏడేళ్లు గూగుల్‌లో సగం సమయం పైతాన్‌కే ఇచ్చారు, 2013 నుంచి 2019 దాకా డ్రాప్‌బాక్స్‌లో పనిచేశారు. పైతాన్‌ను నడిపించేవాళ్లలో ఒక్క మహిళ కూడా లేరేమని, కనీసం ఇద్దరైనా రావాలని, అవసరమైతే తానే దగ్గరుండి నేర్పిస్తానని 2015లో పైకాన్ అనే పైతాన్ వాళ్ల వార్షిక సభలో చెప్పారు.  2017లో మొదటి మహిళా కోర్ డెవలపర్ (పైతాన్ అసలు కోడ్‌ను మార్చే అధికారం ఉన్నవాళ్లు) వచ్చారు, ఆమెకు నేర్పినవాళ్లలో ఆయన ఉన్నారు.

ఇక ఆ నియంత అన్న బిరుదు. జీవితాంతం దయగల నియంత అని 1995లో తోటివాళ్లు సరదాగా ఇచ్చిన పేరది. ఈ గొడవలో కొందరు దాన్నే నేరారోపణలాగా చదివారు. ఆ నియంతకున్న అధికారం ఏపాటిది? రోజూ అందరి ఉత్తరాలూ చదివి, ఇది కుదురుతుంది, ఇది కుదరదు అని కారణాలతో చెప్పడం. అంతకు మించి ఎవరినీ కట్టడి చేయలేదు, చేయలేరు కూడా. నచ్చకపోతే మొత్తం కోడ్ తీసుకెళ్లి వేరు కుంపటి పెట్టుకునే హక్కు ఆ లైసెన్సులోనే ఉంది. ఇంత గొడవ చేసినవాళ్లు ఆ కుంపటి పెట్టుకోలేదు. ఆయన వండింది తింటూ ఆయన్నే తిట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే.

మళ్లీ అదే అడుగుతున్నాం, రేపు ఇంకెవరిస్తారు? ఊరికే భయపెట్టడానికి అడగడం లేదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా గుండెలు బాదుకుంది. బ్యాంకుల నుంచి మెయిళ్ల దాకా సగం ఇంటర్నెట్‌కు తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను చూసుకుంటున్నది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది అని, దానికి విరాళాలుగా వచ్చేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లని అప్పుడు తెలిసింది. రెండేళ్ల తర్వాత, 2016 మార్చిలో, ఒక ప్రోగ్రామర్ తన ప్యాకేజీకి పెట్టుకున్న పేరు హక్కు విషయంలో అన్యాయం జరిగిందని కోపం వచ్చి జావాస్క్రిప్ట్‌లో రాసిన 11 లైన్ల చిన్న ముక్కను వెనక్కి తీసుకుంటే పెద్ద పెద్ద కంపెనీల పని ఆగిపోయింది. రెండుసార్లూ లోకం ఆశ్చర్యపోయింది, మరిచిపోయింది. ఇచ్చేవాళ్లు ఎప్పటికీ ఇస్తూనే ఉంటారనే ధీమా మనకు ఎక్కడినుంచి వచ్చింది? ఇప్పుడు గీడో అంతటి మనిషికే ఈ మర్యాద దక్కితే, ఏ పల్లెలోనో పట్నంలోనో ఇంట్లో కూర్చుని కొత్తది ఏదో రాస్తున్న ఇరవై ఏళ్ల పిల్ల, దాన్ని అందరికీ ఇవ్వాలా వద్దా అని ఆలోచించుకునే రోజున ఈ ఉత్తరమే కదా గుర్తొచ్చేది!

అమీర్‌పేట వెళ్లి చూడండి. మైత్రీవనం పక్క సందుల్లో తలెత్తితే ఆకాశం కనిపించదు, ఫ్లెక్సీలే. పైతాన్, డేటా సైన్స్, మెషిన్ లెర్నింగ్, డెమో క్లాసు ఫ్రీ, చెప్పే సార్ పేరు ఇంతింత అక్షరాల్లో. పుట్టించిన మనిషి పేరు మాత్రం వెతకాల్సిందే. ఊళ్లో పొలం కౌలుకిచ్చి పంపిన డబ్బుతో హాస్టల్లో ఉంటూ ఇక్కడ కోర్సు చేసి, హైటెక్ సిటీ నుంచి డల్లాస్ దాకా ఉద్యోగాలు తెచ్చుకున్న మన పిల్లలు ఎందరో. ఇంటర్ వయసు సీబీఎస్ఈ పిల్లలు చదివే కంప్యూటర్ పాఠం పైతాన్‌లో ఉంది. గురుత్వాకర్షణ తరంగాలను పట్టుకున్న లైగో శాస్త్రవేత్తలు తమ లెక్కల్లో వాడింది పైతాన్. ఇదంతా ఒక మనిషి క్రిస్మస్ సెలవులతో మొదలైంది, ఇందులో ఎవరూ ఆయనకు రాయల్టీ కట్టలేదు, ఆయన అడగనూ లేదు.

కాబట్టి ఈ మాట ఎక్కడో అమెరికాలో, యూరప్‌లో గొడవపడ్డ వాళ్లకు మాత్రమే అనుకోవద్దు. పైతాన్ మీద ప్రాజెక్టులు చేసి బిల్లులు వేసుకునే కంపెనీలను అడుగుతున్నాం: మీ ఇంజినీర్లలో ఒక్కరికైనా వారానికి ఒక పూట ఆ భాషలో తప్పులు సరిదిద్దడానికి ఇచ్చారా? పైతాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2001 నుంచి ఉంది, దానికి చందా కట్టడం చాలా సులువు, మీరు కట్టారా? కోర్సులు నడిపేవాళ్లూ, మొదటి క్లాసులో ఐదు నిమిషాలు ఈ మనిషి గురించి చెప్పండి, పిల్లలకు తాము ఎవరి చెట్టు కింద కూర్చున్నారో తెలియనివ్వండి.

ఇక ఆయన మీద విరుచుకుపడ్డవాళ్లకు. వారసుణ్ని ఆయన పెట్టలేదు, ఆయన తర్వాత పైతాన్‌ను నడిపేవాళ్లూ ఏదో ఒక రోజు మీకు నచ్చని నిర్ణయం తీసుకుంటారు. అప్పుడు కూడా ఇలాగే మీద పడతారా? ఆయనకు క్షమాపణ చెప్పే పెద్దమనసు లేకపోతే కనీసం వాళ్లనైనా పని చేయనివ్వండి. 2019లో పైతాన్ 3.8తో వచ్చిన ఆ గుర్తు మీకు నచ్చకపోతే వాడకండి, మీ చేయి ఎవరూ పట్టుకోరు. రెండు లైన్లు రాసుకోండి, 1991 నుంచి ఆయన ఇచ్చిన భాషలో రాసుకుంటున్నట్టే.