శ్రీ వేగపరిమితి గారికి ఒక విన్నపం

అయ్యా,

ఉభయకుశలోపరి. రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ జెట్ యుద్ధవిమానం మెసర్‌ష్మిట్ 262 కొత్త కాపీల్లో, అంటే అమెరికాలోని ఎవరెట్‌లో తయారైన విమానాల్లో, తమరి ఉద్యోగమని విన్నాను. గంటకు సుమారు 800 కిలోమీటర్లు, ఆపైన ససేమిరా అంటారట. 1944లో జర్మనీలో అసలుది 870 దాకా పోయేది. మనవడు తాతకంటే మెల్లగా నడవాలని రూలు పెట్టింది తమరొక్కరే.

పోనీ తాతగారి గుండె గట్టిదా అంటే, అదీ లేదు. యుద్ధకాలంలో నికెల్ దొరక్క మామూలు ఉక్కుతో నెట్టుకొచ్చిన యూమో 004 ఇంజన్ అది. పాతిక గంటలు నడిస్తే గొప్ప, చాలావాటికి పది గంటలకే ఆయుష్షు తీరేది. కరెంటు స్టార్టర్ మొరాయిస్తే పెళ్లిపందిట్లో జనరేటర్‌కి లాగినట్టు ఇంజన్ ముక్కులోంచి తాడు లాగాలి. థ్రాటిల్, అంటే వేగం పెంచే మీట, కాస్త తొందరగా తోశారా, మంటలు, లేకపోతే మౌనం! అది తోసేది 900 కిలోల బలంతో. ఇప్పటి జనరల్ ఎలక్ట్రిక్ ఇంజన్‌ది దాదాపు 1,300. చిన్నది కూడా. తాత కోటులో దూరిన మనవడిలా పాత యూమో ఆకారపు డొల్లలో దాక్కుని కూర్చుంటుంది.

తమరి వాదన నాకు తెలుసు. ఇంజన్ మారింది గానీ రెక్కలు, తోక అవే, గాలీ అదే. ధ్వని వేగంలో 86 శాతం దాటి డైవ్ చేస్తే ముక్కు దానంతటదే కిందికి దిగుతుంది. పైలట్ చేతిలోని కంట్రోల్ కర్ర ఎంత లాగినా సిమెంటులో పాతినట్టు కదలదు. దిగేకొద్దీ వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఇంకా దిగుతుంది. సరే, ఒప్పుకున్నాం.

కానీ ఆ రోజుల్లో ఈ విమానాన్ని అమెరికన్ మస్టాంగ్ యుద్ధవిమానాలు ఎక్కడ పట్టుకునేవి? రన్‌వే దగ్గర, చక్రాలు దించుకుని మెల్లగా వాలుతుండగా. థ్రాటిల్ తోసినా వేగం అందుకోలేని క్షణంలో. కొత్త కాపీ సంగతీ అంతే. 2003 జనవరిలో, రెండో ఫ్లైట్‌లోనే ల్యాండింగ్ గేర్ కూలబడింది. అప్పుడు వేగం 800కి చాలా దూరం. తమరేమో పైన కాపలా కాస్తున్నారు, దొంగ కిందినుంచి వచ్చాడు. డ్యూటీ అక్కడ కాదు కాబట్టి తమరిని ఏమీ అనలేం.

కాబట్టి మనవి ఏమిటంటే, వీలైతే కిందికి ఒక తమ్ముడిని పంపగలరు.

ఇట్లు,
మీటర్లో 140 ఉన్నా 60 దాటగానే అద్దాలు వణికే బండి ఓనర్