సంచులు, చేతి తొడుగులతోనే సరిపోదు

చేతి తొడుగులు, సంచులు, ఓ పాతికమంది ఉంటే వాగు శుభ్రమైపోతుందన్నట్టు, వాగులో చెత్త ఏరడం గురించిన వ్యాసంలో రాశారు. ఏరిన చెత్తను గట్టెక్కించడమే అసలు కష్టమండీ. తడిసిన బట్టలు, బురద నిండిన కవర్లు మహా బరువు. పల్చటి చెత్త కవర్లయితే అడుగు చిరిగి అంతా మళ్లీ నీళ్లపాలే. నేత ప్లాస్టిక్ గోతాలు తీసుకుని సగమే నింపండి, నీళ్లు వాటంతటవే కారిపోతాయి.

ఏరేటప్పుడు ఎగువకు నడవాలి. దిగువకు నడిస్తే కాళ్లు రేపిన బురద మీకంటే ముందు పోయి, అడుగున గాజుపెంకు ఉన్నా కనపడనివ్వదు. పని మొదలెట్టకముందే దిగువన వల కట్టండి, అదీ ఏటవాలుగా. అప్పుడు తేలే చెత్త ఒక ఒడ్డుకు చేరుతుంది. నిట్టడ్డంగా కడితే మధ్యలో పేరుకుని, ఒత్తిడికి వల కిందనుంచి జారిపోతుంది. గట్టులో కూరుకుపోయిన కవర్లను గుంజొద్దు, మట్టి పెళ్లలుగా ఊడొస్తుంది. బయటికి కనిపించే మేర కోసేయండి. సూదులు పటకారుతో తీసి, మూతున్న గట్టి డబ్బాలో వేయాలి.

వాన వెలిశాక రెండు మూడు రోజులు దిగనే వద్దు. పొంగిన మురుగుతోపాటు ఎలుకల మూత్రమూ కలుస్తుంది, దానివల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకడానికి కాలి మీద చిన్న గీత చాలు. తర్వాత ఒకటి రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకు మురుగులో దిగిన సంగతి తప్పక చెప్పండి. కల్వర్టు లోపలికి ఎవర్నీ పంపొద్దు. అక్కడ మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెలియదు.

గోతాలు ఎత్తే బండి ముందే మాట్లాడుకోండి. రాత్రికి గట్టు మీదే ఉంటే కుక్కలు చింపుతాయి, వాన మళ్లీ వాగులోకి తోస్తుంది.